ముగ్గురిలో ఒకరు అన్న లెక్క అత్తయ్యకు చెప్పాలా, వద్దా?

గుంటూరు కోడలు:
మా అత్తయ్యకు 54 ఏళ్లు. ఊళ్లో మూడెకరాల మిర్చి ఆవిడే దగ్గరుండి చేయిస్తారు. ముట్లు ఆగిన నాలుగేళ్లకు మళ్లీ బ్లీడింగ్ కనపడితే బయాప్సీ చేయించాం. సెర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) క్యాన్సర్, అందులోనూ స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ అనే రకం అని వచ్చింది. పెట్ స్కాన్‌లో పొత్తికడుపు లింఫ్ గ్రంథుల దాకా పాకినట్టు తేలింది. ఊపిరితిత్తులు, లివర్ బాగున్నాయి. డాక్టరు గారు మమ్మల్ని పక్కకు పిలిచి, అన్ని స్టేజీలూ కలిపి చూస్తే ఇందులో ఐదేళ్లు దాటేది సుమారు ముగ్గురిలో ఒకరే అన్నారు. అత్తయ్యకు మాత్రం "గర్భసంచి దగ్గర గడ్డ, కీమోతో కరిగిస్తారు" అని చెప్పి ఊరుకున్నాం. లెక్క చెప్పొద్దని బావగారు, చెప్పాలని నేను. మీరేమంటారు?

బెజవాడ బాబాయ్:
చెప్పకమ్మా. మా అమ్మకు చెప్పిన రోజు నుంచే అన్నం సహించలేదు. అయినా న్యూరోఎండోక్రైన్ అంటే నెమ్మదిగా పెరిగేదేగా? స్టీవ్ జాబ్స్‌కు 2003లో బయటపడితే 2011 దాకా ఉన్నాడు.

స్లైడు చూసేవాణ్ణి:
పొరపాటంతా అక్కడే వస్తోంది బాబాయ్ గారూ. జాబ్స్‌ది క్లోమంలో వచ్చిన నెమ్మది రకం. సెర్విక్స్‌లో ఆ రకం కనపడటమే గగనం. ఇక్కడ వచ్చేవి దాదాపు అన్నీ స్మాల్ సెల్, లేదంటే లార్జ్ సెల్. రెండూ దూకుడువే. సెర్విక్స్ క్యాన్సర్లు వంద ఉంటే వాటిలో ఇలాంటిది ఒకటో రెండో.

నేను పాథాలజీలో ఉన్నాను. మైక్రోస్కోపు కింద చిన్న చిన్న నీలి కణాలు, రద్దీ బస్సులో జనంలా ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి. కేంద్రకంలో ఉప్పూ మిరియాల పొడీ కలిపి చల్లినట్టుంటుంది. కంటిచూపును నమ్ముకోకుండా సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ 56 అనే ప్రోటీన్ల కోసం పరీక్షలు చేసి ఖాయం చేస్తాం. దీని వెనక ఎక్కువగా ఉండేది హెచ్‌పీవీ 18 అనే వైరస్. సెర్విక్స్ నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్షకు తరచూ దొరకదు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే రక్తంలోకి, లింఫ్‌లోకి జారుకుంటుంది. అందుకే తొలి దశలో ఆపరేషన్ చేసినా కీమో తప్పదు. మందులు కూడా ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్‌కు వాడేవే: సిస్‌ప్లాటిన్, ఎటొపొసైడ్.

ఇక ఆ లెక్క. సెర్విక్స్ దాటనివాళ్లనీ మెదడుకు పాకినవాళ్లనీ ఒకే కుప్పలో పోసి తీసిన సగటు అది. పైగా అరుదైన జబ్బు, కేసులు తక్కువ. మీ అత్తయ్య రెండింటికీ మధ్యలో ఉన్నారు. ఆ సగటును ఆవిడ నెత్తిన పెట్టొద్దు.

కొత్తపేట సిస్టర్:
కీమో వార్డులో డ్యూటీ నాది. మీరు చెప్పకపోతే పక్క బెడ్డు ఆవిడ చెప్పేస్తుంది, అదీ ఇంకో రెండు కలిపి. ముందు "ఎంతవరకు తెలుసుకోవాలనుంది అత్తయ్యా?" అని అడగండి. కొందరు వద్దంటారు. వద్దంటే వదిలేయండి.

బెజవాడ బాబాయ్:
సిస్టర్ గారూ, మీ మాట కాదనను. కానీ లెక్క తెలిసి ఆవిడ చేసేదేముంది? మందు మారుతుందా?

గుంటూరు కోడలు:
మందు మారదు బాబాయ్ గారూ. మొదటి కీమో అయ్యాక ఇవాళే కాస్త లేచి కూర్చున్నారు. కోల్డ్ స్టోరేజీలో అరవై టిక్కీల మిర్చి ఉంది. "సంక్రాంతి దాకా ఆగితే రేటొస్తుందంటున్నాడు కమీషన్ షాపాయన. నేను ఆగొచ్చంటావా, అమ్మేయనా?" అని బావగారిని అడిగారు. మొహం చూస్తూ అడిగారు. ఆయన ఫోన్ మోగినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు.

గురువారం డాక్టరు గారి గదిలోకి అత్తయ్యను కూడా తీసుకెళ్తున్నాను. బావగారికి ఇంకా చెప్పలేదు.