తొలిసారి ఎయిర్‌సాఫ్ట్ ఆడబోతున్నాను: కళ్లద్దాలు, దెబ్బలు, చట్టం గురించి కొన్ని సందేహాలు

ప్రశ్న (బర్మింగ్‌హామ్ విద్యార్థి)

అందరికీ నమస్కారం. నేను బర్మింగ్‌హామ్‌లో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. మా తరగతిలోని స్థానిక మిత్రులు కొందరు వచ్చే నెలలో ఒక ఆదివారం ఊరి బయట అడవిలో ఉన్న ఎయిర్‌సాఫ్ట్ (బొమ్మ తుపాకులతో చిన్న ప్లాస్టిక్ గుండ్లు కాల్చుకుంటూ ఆడే ఆట) మైదానానికి వెళ్తూ నన్ను కూడా రమ్మన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో సహోద్యోగులతో పెయింట్‌బాల్ ఆడిన అనుభవం ఉంది గానీ, ఎయిర్‌సాఫ్ట్ తుపాకీని ఇంతవరకు చేత్తో పట్టుకోలేదు.

నాకు దూరపు చూపు బాగా తక్కువ. కళ్లద్దాలు లేకుండా పది అడుగుల అవతల ఉన్న మనిషిని గుర్తుపట్టలేను. అద్దాలతోనే ఆడవచ్చా, లేక వాటి మీద ఇంకేదైనా పెట్టుకోవాలా? గుండు తగిలితే నొప్పి ఎంత ఉంటుంది? ఏమేమి కొనుక్కోవాలి? అన్నిటికంటే ముఖ్యంగా, నేను విద్యార్థి వీసా మీద ఉన్నాను కాబట్టి ఇలాంటి బొమ్మ తుపాకీతో ఏదైనా చిక్కు వస్తుందేమోనని భయం. ఊళ్లో అమ్మానాన్నలకు తుపాకీ అనే మాట చెప్పగానే కంగారు పడ్డారు. వాళ్లకు ధైర్యం చెప్పడానికైనా నేను విషయం సరిగ్గా తెలుసుకోవాలనుకుంటున్నాను.

సమాధానం (మాంచెస్టర్ నుంచి, చాలాకాలంగా ఆడుతున్న వ్యక్తి)

కళ్లద్దాల ప్రశ్నను మీరు ముందుగా అడిగినందుకు చాలా సంతోషం. కొత్తగా వచ్చేవారు తుపాకీ గురించి పది ప్రశ్నలు అడుగుతారు గానీ కళ్ల గురించి ఒక్కటీ అడగరు. ఈ ఆటలో ఒంటి మీద తగిలే దెబ్బ ఏదైనా నాలుగు రోజుల్లో మానిపోతుంది, కంటికి తగిలిన దెబ్బ మాత్రం అలా మానదు. అందుకే దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

బ్రిటన్‌లో చాలా మైదానాలు సాధారణ తుపాకులకు పెట్టే పరిమితి 0.20 గ్రాముల బరువున్న 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు సెకనుకు 350 అడుగుల వేగాన్ని దాటకూడదని. ఆ వేగంలో గుండుకు ఉండే శక్తి దాదాపు 1.14 జౌళ్లు. ఇప్పుడు రక్షణ అద్దాల సంగతి చూడండి. ఈఎన్ 166 అనే యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షించిన అద్దాల మీద చిన్న అక్షరాలు ముద్రించి ఉంటాయి. ఎఫ్ అనే అక్షరం ఉంటే ఆ అద్దాన్ని 0.86 గ్రాముల ఉక్కు గుండుతో సెకనుకు 45 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షించారని అర్థం. ఆ దెబ్బ శక్తి సుమారు 0.87 జౌళ్లు మాత్రమే, అంటే మైదానంలో మీకు తగలబోయే గుండు శక్తి కంటే తక్కువ. బి అనే అక్షరం ఉంటే అదే గుండుతో సెకనుకు 120 మీటర్ల వేగంతో, అంటే దాదాపు 6.2 జౌళ్ల శక్తితో పరీక్షించినట్టు. పనిముట్ల దుకాణంలో దొరికే మామూలు సేఫ్టీ కళ్లద్దాలకు ఎఫ్ కంటే పై స్థాయి రాదు. ముఖానికి చుట్టూ ఆనుకుని ఉండే గాగుల్స్‌కు, పూర్తి మాస్కులకు మాత్రమే బి వస్తుంది. కాబట్టి మైదానంవారు అద్దెకిచ్చే మాస్కును చేతిలోకి తీసుకోగానే అద్దం అంచు మీద ఆ అక్షరం ఉందో లేదో చూడండి. లేకపోతే మొహమాటపడకుండా వేరేది అడగండి.

మీ రోజువారీ కళ్లద్దాలు ఏ విధంగానూ రక్షణ కావు. పగిలితే ఆ ముక్కలే కంట్లో గుచ్చుకుంటాయి. వాటిని మాస్కు లోపల పెట్టుకుని ఆడవచ్చు. అయితే అన్ని మాస్కుల్లోనూ అద్దాలు ఇమడవు కాబట్టి, బుక్ చేసేటప్పుడే కళ్లద్దాల మీద పట్టే మాస్కు కావాలని రాయండి. మీకు అలవాటుంటే ఒక్కరోజు వాడి పారేసే కాంటాక్ట్ లెన్సులు అంతకంటే హాయి.

ఇక అసలు ఇబ్బంది మంచు పట్టడం. చలిలో పరుగెత్తినప్పుడు ఊపిరి వేడికి మాస్కు లోపలి అద్దం, దాని వెనక మీ కళ్లద్దాలు రెండూ తెల్లగా మసకబారిపోతాయి. ఏమీ కనబడక చిరాకేసి, ఒక్క క్షణం మాస్కు పైకెత్తి తుడుచుకుందామనిపిస్తుంది. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయకండి. చుట్టూ ఎవరూ లేరని మీకు అనిపించవచ్చు, కానీ చెట్ల అవతల నుంచి కాల్చేవారికి మీ ముఖం మీద మాస్కు లేదని తెలియదు. కళ్లు మూసుకుని, చేయి పైకెత్తి మార్షల్‌ను, అంటే ఆటను పర్యవేక్షించే వ్యక్తిని, పిలవండి. ఆయన మిమ్మల్ని నడిపించుకుని సేఫ్ జోన్‌కు, అంటే ఎవరూ కాల్చకూడని చోటికి, తీసుకెళ్తారు. ఆ పని కోసమే వాళ్లు అక్కడ ఉంటారు. అద్దం మీద ఎన్ అనే అక్షరం ఉంటే దానికి మంచు పట్టకుండా పూత వేసినట్టు. మీ కళ్లద్దాలకు మాత్రం ముందురోజు రాత్రే యాంటీ ఫాగ్ ద్రవం రాసి ఆరనివ్వండి. మంచు పట్టదని కొందరు ఇనుప జాలీ గాగుల్స్ వాడతారు గానీ, నాసిరకం గుండ్లు గట్టి చోట తగిలి పగిలినప్పుడు ఆ ముక్కలు జాలీ సందుల్లోంచి లోపలికి రాగలవు. అందుకని కళ్ల ముందు జాలీ పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. నోటికీ బుగ్గలకీ జాలీ చక్కగా సరిపోతుంది.

కొనడం గురించి అడిగారు. తొలి ఆటకు ఏమీ కొనకండి. తుపాకీ, మాస్కు, గుండ్లు అన్నీ అద్దెకు దొరుకుతాయి. ఆట మీకు నచ్చిన తర్వాత మొట్టమొదట డబ్బు పెట్టవలసింది మీ ముఖానికి సరిపోయే సొంత గాగుల్స్ మీద. తుపాకీ సంగతి ఆ తర్వాత.

సమాధానం (లీడ్స్ నుంచి)

నొప్పి గురించి నేను చెబుతాను. దూరం నుంచి మందపాటి బట్ట మీద తగిలితే తగిలినట్టు శబ్దం వినబడుతుంది, అంతే. దగ్గర నుంచి ఒట్టి చర్మం మీద తగిలితే చురుక్కుమని, చిన్న ఎర్రటి బొబ్బలా లేస్తుంది. వేళ్ల కణుపులు, మెడ, చెవులు, ఇవి నాకు తెలిసినంతలో బాగా బాధపెట్టే చోట్లు. అందుకని చేతి తొడుగులు తప్పనిసరి. మెడకు ఒక మఫ్లర్ చుట్టుకోండి. పళ్ల విషయంలో అశ్రద్ధ వద్దు, ముందు పన్ను మీద గుండు తగిలితే విరిగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి నోటిని కూడా కప్పే మాస్కే తీసుకోండి.

జీన్స్ వేసుకోకండి. ఇక్కడి అడవి నేల ఎప్పుడూ చిత్తడిగానే ఉంటుంది, ఒకసారి తడిసిన జీన్స్ సాయంత్రం దాకా ఆరదు. త్వరగా ఆరే ప్యాంటు, పలుచని చొక్కాలు రెండు మూడు ఒకదాని మీద ఒకటి, చీలమండను పట్టి ఉంచే బూట్లు ఉంటే చాలు. మామూలు స్పోర్ట్స్ షూలతో చెట్ల వేర్ల మీద, బురదలో పరుగెత్తితే చీలమండ మెలిక పడుతుంది, నేను చూసిన గాయాల్లో గుండ్ల వల్ల కంటే ఇలా అయినవే ఎక్కువ. శాకాహారులైతే మధ్యాహ్నానికి పులిహోర డబ్బా పెట్టుకుని వెళ్లండి, అడవిలో మైదానంవారు అమ్మేది చాలాచోట్ల బర్గర్లే. మంచినీళ్లు రెండు సీసాలు తీసుకెళ్లండి.

బర్మింగ్‌హామ్ విద్యార్థి

అన్నగారికీ, అక్కగారికీ ధన్యవాదాలు. కాంటాక్ట్ లెన్సుల కోసం ఈ వారమే కళ్ల పరీక్షకు వెళ్తాను. ఇంకొక సందేహం. పెయింట్‌బాల్‌లో రంగు అంటుకుంటుంది కాబట్టి తగిలిందో లేదో అందరికీ తెలిసిపోతుంది. ఇక్కడ మరక పడనప్పుడు ఎవరు అవుటో ఎలా తేలుస్తారు?

సమాధానం (నాటింగ్‌హామ్ నుంచి, వారాంతాల్లో మార్షల్‌గా పనిచేసే వ్యక్తి)

తగిలించుకున్నవారే తేలుస్తారు. గుండు మీకు తగిలిందని తెలియగానే మీరు గట్టిగా "హిట్" అని అరిచి, చేయి పైకెత్తి, చాలామంది చేసినట్టు ఎర్రగుడ్డ ఒకటి తల మీద వేసుకుని, తిరిగి ఆటలోకి వచ్చే చోటికి నడిచి వెళ్లాలి. మన గల్లీ క్రికెట్‌లో అంపైర్ లేనప్పుడు బ్యాట్ అంచుకు బంతి తాకిందని తనంతట తానే ఒప్పుకుని బయటికి నడిచే పిల్లవాడిని అందరూ ఎంత గౌరవించేవారో మీకు తెలిసే ఉంటుంది. ఈ ఆట మొత్తం ఆ ఒక్క గుణం మీదే నడుస్తుంది. అందుకే తగిలిందో లేదో మీకే అనుమానంగా ఉన్నప్పుడు తగిలిందనే అనుకోండి. ఎదుటివాడు ఒప్పుకోవడం లేదనిపిస్తే అతనితో వాదించకండి, మరింతగా కాల్చకండి, దగ్గరలో ఉన్న మార్షల్‌కు చెప్పండి. మేము కాసేపు పక్కన నిలబడి గమనిస్తాము. చాలాసార్లు తేలేదేమిటంటే, బరువైన కోటు మీద తగిలిన గుండు అతనికి నిజంగానే తెలిసి ఉండదు.

ఉదయం ఆట మొదలయ్యే ముందు సూచనలు చెబుతారు. అప్పుడు స్నేహితులతో కబుర్లాడకుండా శ్రద్ధగా వినండి, ఎందుకంటే నియమాలు మైదానానికీ మైదానానికీ మారతాయి. తుపాకీకి తగిలితే అవుటా కాదా, చెట్టుకు తగిలి మళ్లిన గుండు లెక్కలోకి వస్తుందా, ఆటోమేటిక్‌గా కాల్చవచ్చా అనేవి అక్కడే తెలుస్తాయి. స్నైపర్ తుపాకులకు సెకనుకు 500 అడుగుల దాకా అనుమతించే చోట్ల, వాటితో దాదాపు 30 మీటర్ల లోపు ఉన్న మనిషిని కాల్చకూడదన్న నియమం ఉంటుంది. గోడ మీదుగా చేయి మాత్రమే పెట్టి చూడకుండా కాల్చడం మాత్రం దాదాపు ఏ మైదానంలోనూ ఒప్పుకోరు.

సేఫ్ జోన్‌లోకి వచ్చేటప్పుడు ముందు మ్యాగజీన్ (తుపాకీకి తగిలించే గుండ్ల డబ్బా) తీసేయండి. మ్యాగజీన్ తీసినంత మాత్రాన తుపాకీ ఖాళీ అయినట్టు కాదు, ఒక గుండు లోపల మిగిలి ఉండవచ్చు. మార్షల్ చూపించిన వైపు నేలకు గురిపెట్టి ఒకటి రెండుసార్లు ట్రిగ్గర్ నొక్కి, ఆ తర్వాత సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) వేసి లోపలికి రండి. ఈ వరుస అలవాటయ్యేదాకా ప్రతిసారీ మనసులో అనుకుంటూ చేయండి.

ఒక్క సాంకేతిక విషయం కూడా చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇది తెలియక కొత్తవారు ఉదయమంతా గురి కుదరక నిరుత్సాహపడుతుంటారు. బ్యారెల్ (తుపాకీ గొట్టం) మొదట్లో ఒక చిన్న రబ్బరు మెత్త ఉంటుంది. అది గుండు పైభాగాన్ని ఒరుసుకుని దానిని వెనక్కి తిరిగేలా చేస్తుంది. అలా తిరుగుతున్న గుండును గాలి కొంచెం పైకి మోస్తుంది కాబట్టి అది ఎక్కువ దూరం తిన్నగా వెళ్తుంది. దీనినే హాప్ అప్ అంటారు. మీరు కాల్చిన గుండు సగం దూరం పోయాక ఆకాశంలోకి లేచిపోతుంటే ఒత్తిడి ఎక్కువైనట్టు, తొందరగా నేల మీదకు వాలిపోతుంటే తక్కువైనట్టు. చాలా అద్దె తుపాకులకు పక్కన మూత జరిపితే చిన్న చక్రం కనబడుతుంది. దానిని కొద్దికొద్దిగా తిప్పుతూ, తెల్లటి గుండు నడక కళ్లతో వెంబడించి, చివరిలో మాత్రమే మెల్లగా వాలేదాకా సర్దాలి. మీ అంతట మీరు తిప్పకుండా మార్షల్‌ను అడగండి. మాకు అది రెండు నిమిషాల పని, పైగా అలా అడిగేవారికి సంతోషంగా చేసిపెడతాము.

సమాధానం (లెస్టర్ నుంచి)

చట్టం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఇంగ్లండ్, వేల్స్ వరకు నేను రాస్తాను. ఆడటానికి లైసెన్సు అవసరం లేదు. 2017లో వచ్చిన చట్టం ఎయిర్‌సాఫ్ట్‌ను అసలు తుపాకుల నుంచి విడదీసింది. ఆటోమేటిక్‌గా పేలగలిగిన వాటికి 1.3 జౌళ్లు, ఒక్కొక్కటిగా మాత్రమే పేలేవాటికి 2.5 జౌళ్లు పరిమితి. పై సమాధానాల్లో చెప్పిన మైదానపు పరిమితులు ఈ గీతకు లోపలే ఉన్నాయి.

కొనే దగ్గర వేరే చట్టం వస్తుంది. 2006 నాటి హింసాత్మక నేరాల నియంత్రణ చట్టం ప్రకారం, అచ్చం నిజమైన తుపాకీలా కనబడే నకలును మామూలు మనిషికి అమ్మడం నేరం. ఎయిర్‌సాఫ్ట్ ఆటగాళ్లకు అందులో మినహాయింపు ఉంది. దుకాణాలవారు మీరు నిజంగా ఆటగాడేనని తెలుసుకోవడానికి ఉకారా అనే నమోదు పట్టికను చూస్తారు. పద్దెనిమిదేళ్లు నిండి, నమోదైన ఒకే మైదానంలో కనీసం రెండు నెలల వ్యవధిలో మూడు ఆటలు ఆడితే ఆ మైదానంవారు మీ పేరు చేరుస్తారు. అది లేనివారికి సగానికి పైగా నీలం, ఆకుపచ్చ, నారింజ వంటి కొట్టొచ్చే రంగున్న తుపాకులు అమ్ముతారు. ఆ రంగును నల్లగా మార్చి నిజమైన దానిలా చేయడం కూడా ఆ మినహాయింపు లేనివారికి నేరమే. ఎవరో సలహా ఇచ్చారని ఆ పని చేయకండి.

మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో నకలు తుపాకీని వెంట ఉంచుకోవడం నేరం. ఆటకు వెళ్లిరావడం సరైన కారణమే అయినా, తుపాకీని మూసిన సంచీలో పెట్టి, దారిలో ఎక్కడా తీయకుండా తీసుకెళ్లాలి. పార్కులోనో, గది కిటికీ దగ్గరో పట్టుకుని ఫొటోలు దిగితే చూసినవారు పోలీసులకు ఫోన్ చేస్తారు, వచ్చేది సాయుధ పోలీసులే కావచ్చు. వీసా దరఖాస్తుల్లో నేరచరిత్ర గురించి అడుగుతారు కాబట్టి విద్యార్థులు ఈ ఒక్క విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి.

మీ తొలి ఆటకు ఈ బెడద ఏదీ లేదు. అద్దె తుపాకీని మైదానంలోనే ఇచ్చి, సాయంత్రం అక్కడే తీసుకుంటారు. అమ్మానాన్నలకు ఆ సంగతే చెప్పండి, మాస్కు పెట్టుకున్న ఫొటో ఒకటి సేఫ్ జోన్‌లో తీయించుకుని పంపండి.