మెక్సికో రెజ్లింగ్‌కి రివ్యూ ఎలా రాయాలి?

నేను జపాన్ రెజ్లింగ్ మ్యాచ్‌లకు రివ్యూలు రాస్తుంటాను. 1994 జూన్ 3న టోక్యోలోని బుడోకాన్ హాల్లో మిసావా, కవాడా అనే రెజ్లర్లు తలపడిన మ్యాచ్ లాంటిదైతే, దెబ్బదెబ్బకీ ఒంట్లో సత్తువ ఎలా తగ్గిపోతోందో రాసుకుంటూ పోతాను.

మెక్సికో మ్యాచ్‌ల దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. మూడు రౌండ్లలో రెండు గెలిస్తే మ్యాచ్ గెలిచినట్టు అనే పద్ధతిలో మొదటి రెండు రౌండ్లూ ఒక్కోసారి చకచకా ముగిసిపోతాయి. వాటికి విడిగా మార్కులు వేయాలా, మొత్తం కలిపి చూడాలా?

ఇంకోటి. 2000 మార్చిలో మెక్సికో సిటీలోని అరెనా మెహికోలో అట్లాంటిస్, మూడో విల్లానో అనే ముసుగు రెజ్లర్లు, ఓడినవాళ్ళు ముసుగు తీసెయ్యాలని పందెం పెట్టుకున్నారు. ఓడిన విల్లానో ముఖం బయటపడిన క్షణంలో నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. రెండు దశాబ్దాలకు పైగా దాచుకున్న ముఖమది! ఆ బరువుని ఆటతో పాటు లెక్కలోకి తీసుకోవచ్చా? స్పానిష్ రాకుండా ఇద్దరి మధ్య పాత పగలు ఎలా తెలుసుకుంటున్నారు? చాలాకాలంగా చూస్తున్నవాళ్ళు కాస్త చెప్పండి, ప్లీజ్.