గ్రావెల్ క్వారీ పక్కన పిట్టల నేలను వదిలేయాలా?

నేలచూపు: గ్రావెల్ క్వారీకి లీజు పొడిగించబోతున్నారు. కొత్తగా తవ్వే వైపు పొదలు, గులకరాళ్ల బయలు ఉన్నాయి. తీతువులు గుడ్లు పెట్టేది అక్కడే. గూడంటూ ఏమీ ఉండదు. రాళ్ల మధ్య చిన్న గుంట, అందులో రాళ్ల రంగులోనే మచ్చల గుడ్లు మూడో నాలుగో. పక్కనే నిలబడినా మనకు ఆనవు, ఇక ప్రొక్లెయిన్ తోలే మనిషికేం కనబడతాయి? పిల్లలు లేచేదాకా ఆ వైపు తవ్వకూడదనీ, చుట్టూ వంద మీటర్లు వదలాలనీ నా వాదన. మీరేమంటారు?

టిప్పర్‌బండి: వంద మీటర్లు ఎక్కడి నుంచి? గుంట అంచు నుంచా, లీజు హద్దురాయి నుంచా?

నేలచూపు: గూడు నుంచి.

టిప్పర్‌బండి: గూడు కనబడదని మీరే అన్నారు. కనబడని దాని నుంచి టేపు ఎలా పట్టాలి?

చిరుజల్లు: టేపు సంగతి తర్వాత. ఆ పేలుళ్లకు ఏ పిట్ట నిలుస్తుంది?

టిప్పర్‌బండి: గ్రావెల్‌కు పేలుళ్లు ఎవరు పెడతారండీ? బకెట్‌తో తోడటమే. మీరు చెప్పేది రాతి క్వారీ. తెలియకుండా రాయకండి.

అసలు క్వారీ వల్లే వచ్చే పిట్టలున్నాయి. ఇసుక గట్లలో బొరియలు చేసుకునే వానకోయిల జాతికి నిటారుగా కోసిన కొత్త గట్టే కావాలి. తవ్వకం ఆగితే గట్టు జారుతుంది, గడ్డి మొలుస్తుంది, అవి మానేస్తాయి. మెడకు నల్లపట్టీ ఉండే చిన్న ప్లోవర్ బ్రిటన్‌లో తొలిసారి గుడ్లు పెట్టింది 1938లో. తర్వాత అది అక్కడ విస్తరించింది ఎక్కువగా గ్రావెల్ గుంటల పుణ్యానే. ఇక మమ్మల్ని హంతకుల్లా చూడటం ఎందుకు?

నేలచూపు: నేను అడిగింది నేల మీద గుడ్లు పెట్టే పిట్టల గురించి. మీరు గట్టు పిట్టలతో జవాబు చెబుతున్నారు. ఆ ప్లోవర్ తవ్విన గుంటను వెతుక్కుంటూ వచ్చింది. ఈ తీతువులు లీజుకు ముందు నుంచీ ఉన్నాయి. మిమ్మల్ని వెతుక్కుంటూ రాలేదు.

గట్టుమేస్త్రి: ఇద్దరూ కాస్త ఆగండి. పనిచేసే గట్టును సీజనుకు ముందే వాలుగా చదును చేస్తే పిట్టలు దాని జోలికి రావు. పని లేని మూలన ఒక గట్టును నిటారుగా వదిలితే అక్కడికి పోతాయి. నేల పిట్టలకైతే పొదలు కొట్టి పైమట్టి తీసే పని గుడ్ల కాలం కాకుండా చూసుకోవాలి. తీతువు గుడ్లు పొదగడానికి నెల రోజులు పడుతుంది. అంతకాలం ఒక మూల వదిలితే క్వారీ మునిగిపోదు.

టిప్పర్‌బండి: మునిగేది క్వారీ కాదు, నేను. నిరుడు ఎవరో ఫిర్యాదు చేస్తే పని ఆపారు. బండి ఇంటి ముందే నిలబడింది, ఫైనాన్సు కిస్తీ మాత్రం నిలబడలేదు. నాలుగు గుడ్ల ముందు మా పిల్లల అన్నం లెక్కలోకి రాదా?

ఇంకో మాట. నేలచూపు గారు నిరుడు ఇక్కడే తమ బావి ఎండిపోయిందని రాశారు. అందులో తీతువు మాటే లేదు. ఇప్పుడు ఉన్నట్టుండి పిట్టల మీద ప్రేమ పుట్టిందా?

చిరుజల్లు: వ్యక్తిగతంగా పోవద్దు.

నేలచూపు: పోనివ్వండి, చెబుతాను. గ్రావెల్ పొరలో నీళ్లు ఇట్టే పారతాయి. నీటి మట్టం కిందికి తవ్వి, గుంటలో మోటారు పెట్టి రాత్రింబవళ్లు తోడితే చుట్టుపక్కల బావుల్లో నీరు దిగుతుంది. అర్జీలు పెట్టాను. రుజువు తెమ్మన్నారు. రుజువు ఎక్కడి నుంచి తేను, పాత మట్టం ఎవరైనా కొలిచి పెట్టారా? పిట్ట గూడు చెరిపితే నేరమనే చట్టాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. నా బావి ఎండితే ఎవరూ కన్నెత్తి చూడరు. అందుకే పిట్టల పేరు ఎత్తాను. తీతువులు ఉన్నమాట మాత్రం అబద్ధం కాదు.

టిప్పర్‌బండి: ఈ ముక్క మొదటే అనొచ్చు కదా! నీటి మట్టం దాటి తవ్వొద్దంటే నేనూ సంతకం పెడతాను. తడి గ్రావెల్ తోలితే నా బండికే బరువు. పని మొత్తం ఆపమంటే మాత్రం పెట్టను.

నేలచూపు: మొత్తం ఆపాలనే అంటాను. ఇప్పటిదాకా తవ్విన గుంటల్లో ఒక్కదాన్నయినా సరిచేశారా? తవ్వడానికి చూపే తొందర పూడ్చడానికి ఉండదు. కాగితం మీద మాటిస్తారు, లీజు అయిపోగానే తాళం వేసి పోతారు.

గట్టుమేస్త్రి: అయితే మీ గొడవ వంద మీటర్ల గురించి కాదు, లీజుదారు మాట నమ్మాలా వద్దా అన్నది. ఏటా ప్రపంచంలో 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతున్నట్టు ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో లెక్క చెప్పింది. తవ్వకం ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. పూడ్చే ఖర్చు ముందే డిపాజిట్‌గా కట్టించండి. తవ్వకానికి ముందే రెండు పరిశీలన బోర్లు వేసి, మట్టం రాసి పెట్టండి.

టిప్పర్‌బండి: ఆ బోర్ల ఖర్చు ఎవరిది?

నేలచూపు: లీజుదారుది.

టిప్పర్‌బండి: లీజుదారు దాన్ని నా లోడు కిరాయిలోంచే కోస్తాడు. ముందు అది తేల్చండి, తర్వాత సంతకం అడగండి.