బరితెగింపు, తెగువ, పొగరు: ఇంగ్లిష్‌లో ఏ మాట ఎక్కడ?

అనువాదాల బల్ల:
తెలుగు వార్తల్ని ఇంగ్లిష్‌లోకి మార్చేవాళ్లకు ఈ మాటలతో చాలా చిక్కు. బోల్డ్, ఆడేషస్, బ్రేజన్, ఇంప్యుడెంట్, ఇన్సొలెంట్, షేమ్‌లెస్... నిఘంటువు తెరిస్తే ఒకదానికి ఇంకొకటి అర్థంగా కనిపిస్తుంది. కింది వాక్యాలకు ఏది సరిపోతుందో, ఎందుకో చెప్పగలరా?

1. పట్టపగలు నడిరోడ్డు మీద బరితెగించి గొలుసు తెంపుకుపోయారు.
2. నష్టాల్లో మునిగిన కంపెనీని ఆమె తెగించి కొనేసింది.
3. పాత బాకీ తీర్చలేదు సరికదా, మళ్లీ అప్పు అడిగాడు. ఎంత ధైర్యం!
4. మాస్టారికే ఎదురు చెప్పాడు. ఎంత పొగరో!

సినిమా పేజీలో వచ్చే ‘బోల్డ్ సీన్’ని ఇంగ్లిష్‌లో అలాగే ఉంచవచ్చా?

పదాల తూనిక:
అర్థం కంటే ముందు మూడు సంగతులు చూడండి. ఆ పని దాచి చేశారా, అందరి ముందూ చేశారా? చేసినవాడు ఎదుటివాడి కంటే చిన్నవాడా? చెప్పేవాడు మెచ్చుకుంటున్నాడా, తిడుతున్నాడా?

మొదటిదానికి బ్రేజన్. ‘ఎ బ్రేజన్ డేలైట్ రాబరీ’ పత్రికల్లో స్థిరపడిన వాడుక. ఈ మాటకు పాత అర్థం ‘ఇత్తడితో చేసినది’. ఇత్తడిలా గట్టిపడిన, సిగ్గుకు కదలని ముఖం అన్న ఊహ నుంచి నేటి అర్థం వచ్చింది. అందుకే దీనికి బహిరంగత ప్రాణం. అర్ధరాత్రి గుట్టుగా కన్నం వేసినవాడిది ఎంత పెద్ద దొంగతనమైనా బ్రేజన్ కాదు.

రెండోదానికి బోల్డ్ గానీ ఆడేషస్ గానీ. బోల్డ్ అంటే రిస్కుకు వెనకాడలేదని. ఆడేషస్ అంటే ఆ రిస్కు చూసి నలుగురూ ముక్కున వేలేసుకున్నారని. దొంగతనానికి కూడా ఆడేషస్ వాడతారు, కానీ అప్పుడు చూపు పథకం మీద ఉంటుంది. 2025 అక్టోబరు 19న పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో, ఉదయం సందర్శకులు ఉండగానే, లారీకి అమర్చిన లిఫ్టుతో పై అంతస్తుకు చేరి రాచనగలు ఎత్తుకెళ్లారు. జనం ఉండగా చేశారు కాబట్టి బ్రేజన్, ఆ ఎత్తుగడకు ఆడేషస్, రెండూ కుదురుతాయి. గొలుసు దొంగతనంలో అంత పథకం లేదు, అక్కడ ఆడేషస్ రాస్తే దొంగను పొగిడినట్టుంటుంది.

ఇక్కడే ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. ఆడేషస్ మెచ్చుకోలు కాబట్టి ఆడాసిటీ కూడా అంతే అనుకుంటారు. ‘హి హ్యాడ్ ది ఆడాసిటీ టు ఆస్క్’ అన్న అచ్చులో పడగానే అది తిట్టు. ఆ అచ్చు నుంచి బయటికి తీస్తే మళ్లీ పొగడ్త కావచ్చు. 2004లో బోస్టన్‌లో జరిగిన డెమోక్రటిక్ పార్టీ మహాసభలో ఒబామా అన్న ‘ది ఆడాసిటీ ఆఫ్ హోప్’ అలాంటిదే.

మీ మూడో వాక్యానికి ఆ అచ్చే కావాలి: ‘హి హ్యాడ్ ది నర్వ్ టు ఆస్క్ ఫర్ అనదర్ లోన్’. నర్వ్ బదులు గాల్ పెడితే ఘాటు పెరుగుతుంది. గట్స్ మాత్రం పెట్టకండి. గట్స్ మెచ్చుకోలు, గాల్ ఎప్పుడూ నింద, నర్వ్ సందర్భాన్ని బట్టి ఎటైనా. ‘ఐ డిడ్ంట్ హ్యావ్ ది నర్వ్’ అంటే ధైర్యం చాలలేదని, అందులో నింద లేదు. బహువచనం చేసి నర్వ్స్ అన్నారా, అది కంగారు అయిపోతుంది. ఎఫ్రంటరీ, టెమెరిటీ కూడా ఈ అచ్చులోనే ఒదుగుతాయి, కానీ రాతభాషవి. మాటల్లో వాడితే బిగుసుకున్నట్టు ఉంటుంది.

నాలుగోది ఇన్సొలెంట్. పెద్దవాడి ముందు చిన్నవాడి పొగరు. మాస్టారు పిల్లవాడిని అవమానిస్తే దాన్ని సాధారణంగా ఇన్సొలెంట్ అనరు. ఇంప్యుడెంట్ దీనికి దగ్గరే, సిగ్గులేనితనం పాలు ఎక్కువ. అడగకూడనిది అడిగే అధికప్రసంగానికైతే ఇంపర్టినెంట్.

రెండు భాషల గట్టు:
పైన చెప్పినవి సరిగ్గా ఉన్నాయి. షేమ్‌లెస్ సంగతి మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ‘సిగ్గు’ ఇంగ్లిష్‌లో మూడు ముక్కలవుతుంది. కొత్తవాళ్ల ముందు సిగ్గు షై. నలుగురిలో జారిపడితే కలిగే సిగ్గు ఎంబరాస్డ్. తప్పు చేసినందుకు తలదించుకునే సిగ్గు అషేమ్డ్. షేమ్‌లెస్‌లో లేనిది ఈ మూడోది మాత్రమే. అందువల్ల స్టేజీ ఎక్కడానికి సిగ్గుపడని పిల్లను షేమ్‌లెస్ అంటే ఘోరమైన తిట్టు. ఆమె కాన్ఫిడెంట్, అంతే.

షేమ్‌ఫుల్ సాధారణంగా పనికి చెందుతుంది, షేమ్‌లెస్ మనిషికీ పనికీ కూడా. ‘హి ఈజ్ షేమ్‌ఫుల్’ అని రాస్తే పొరపాటు. అన్‌అషేమ్డ్, అనబాష్డ్ అన్నవి తిట్లు కావు, మొహమాటం లేకుండా అని. ‘యాన్ అనబాష్డ్ ఫ్యాన్’ని ‘సిగ్గులేని అభిమాని’ అని తెలుగు చేసినవి చూస్తే బాధేస్తుంది.

పచ్చి అబద్ధానికి బ్రిటన్‌లో బేర్‌ఫేస్డ్ లై, అమెరికాలో బాల్డ్‌ఫేస్డ్ లై. బ్లేటెంట్ లై రెండుచోట్లా నడుస్తుంది. నిబంధనల్ని కాలరాసినప్పుడు ఫ్లేగ్రంట్ వయొలేషన్.

అనువాదాల బల్ల:
ధన్యవాదాలండీ. బోల్డ్ సీన్ మిగిలిపోయింది. చీకీ అంటే కూడా పొగరేనా?

పదాల తూనిక:
చీకీలో కోపం తక్కువ, ముద్దు ఎక్కువ. బ్రిటన్ వాడుక అది, నవ్వు తెప్పించే కొంటెతనం. నామవాచకం చేసి ‘వాట్ ఎ చీక్!’ అంటే మాత్రం నిజంగా మండిపడుతున్నట్టు. కోర్టు వార్తల్లో చీకీ వాడకండి.

బోల్డ్ సీన్ మన దేశపు ఇంగ్లిష్. ఇక్కడి పాఠకుడికి శృంగారమని వెంటనే అందుతుంది. లండన్‌లోనో డాలస్‌లోనో చదివేవాళ్లు దర్శకుడు ఏదో సాహసం చేశాడనుకుంటారు. వాళ్ల కోసమైతే ‘ఇంటిమేట్ సీన్’ లేదా ‘స్టీమీ సీన్’ రాయండి. ఐర్లండ్‌లో పిల్లల్ని ‘డోంట్ బి బోల్డ్’ అంటారు, అంటే పెంకితనం చేయొద్దని.

కృష్ణ గారికి పేరుగా నిలిచిన ‘డేరింగ్ అండ్ డాషింగ్’లో డాషింగ్‌ని మనం దూకుడుగా అర్థం చేసుకుంటాం. బయట అది ప్రధానంగా అందం, హుందా, ఠీవి. దూకుడు మనిషికి అక్కడ బ్రాష్ అంటారు, అందులో కొంచెం చులకన ఉంటుంది.

రెండు భాషల గట్టు:
‘ఎన్ని గుండెలు నీకు!’ అన్నదానికి ‘హౌ డేర్ యూ!’ పక్కాగా సరిపోతుంది. తర్వాత క్రియ వస్తే ‘టు’ పెట్టకూడదు: ‘హౌ డేర్ యూ టాక్ టు మీ లైక్ దట్’. ‘హౌ డేర్ యూ టు టాక్’ మన కాపీల్లో తరచూ దొర్లుతుంది, ప్రూఫ్ చూసేటప్పుడు ముందు దాన్నే వెతకండి.