ఒకే ఇంటి ఉత్తరాల కట్టను విడగొట్టవచ్చా?

ముద్రల వేట:
1942 నుంచి 1945 దాకా ఒక భారతీయ సిపాయి తన భార్యకు రాసిన 43 కవర్లు నాకు దొరికాయి. అన్నిటి మీదా ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యం వెంట ఉండే తపాలా కార్యాలయం) ముద్ర, ఉత్తరాన్ని తనిఖీ చేసినట్టు సెన్సార్ ముద్ర ఉన్నాయి. ముద్రలు స్పష్టంగా పడిన 12 కవర్లు నా ఎగ్జిబిషన్ ఫ్రేమ్‌లో పెట్టుకుని, మిగతావి తోటి సేకర్తలకు మార్పిడి కింద ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

తోకలేని పిట్ట:
దయచేసి విడగొట్టకండి. యుద్ధకాలంలో ఆ ముద్రల్లో ఊరి పేరుండదు, నంబరే ఉంటుంది. దళం కదిలితే దానితో పాటు పోస్టాఫీసూ కదిలేది. నంబరు, తారీఖు రెండూ ఉంటేనే ఆ ముద్ర ఎక్కడ పడిందో తేలుతుంది. ఎక్కడున్నాడో ఉత్తరంలో రాయడానికి సిపాయికి అనుమతి లేదు. అంటే భార్యకు తెలియకుండా దాచిన దారి, ఈ 43 కవర్లనూ వరసగా పేరిస్తే మనకు కనిపిస్తుంది. అందులో 12 తీసేస్తే ఇంకేం మిగులుతుంది? ముందు ప్రతి కవరు వెనకా మెత్తటి పెన్సిల్‌తో వరస నంబరు వేయండి.

ముద్రల వేట:
పెన్సిలా? పాత కవరు మీద కొత్త గీత ఒక్కటీ పడకూడదు.

అంటుజిగురు:
సన్నగా వేస్తే ఫర్వాలేదు. రబ్బరుతో పోతుంది.

ముద్రల వేట:
పోదు. ఎవరో కవరు వెనక పెన్సిల్‌తో వేసిన ధర చెరపబోయి, పక్కనున్న చేరిక ముద్రను (ఉత్తరం చేరిన పోస్టాఫీసు వేసేది) నేనే మసకబార్చుకున్నాను. ఆ బాధ ఇంకా పోలేదు. ఇక విడగొట్టడం సంగతి. 1911 ఫిబ్రవరి 18న ఫ్రెంచి పైలట్ ఆన్రీ పెకే అలహాబాద్ నుంచి నైనీకి విమానంలో దాదాపు 6,500 ఉత్తరాలు తీసుకెళ్లాడు. వాటిలో ఒక్కటి చేతికొచ్చినా ఆ రోజంతా కళ్లకు కడుతుంది. 1937లో హిండెన్‌బర్గ్ అనే ఆకాశనౌక కాలిపోయినప్పుడు అంచులు మాడి మిగిలిన కవర్లూ అంతే. కట్ట ఎందుకు?

కార్డు ముక్క:
కవరును తొడుగులో పెట్టి, నంబరు చీటీ తొడుగు మీద అంటించండి. పీవీసీ తొడుగు మాత్రం వద్దు, కాగితం పాడవుతుంది.

తోకలేని పిట్ట:
అలహాబాద్‌ది ఒక్కరోజు సంగతి, ఒక్క కవరు చెప్పగలదు. ఇది మూడేళ్ల మనిషి జీవితం.

ముద్రల వేట:
పెన్సిల్ విషయం దాటేస్తున్నారు. చిత్తు కాగితాల్లో కలిసిపోయే కట్టను డబ్బిచ్చి కాపాడింది నేను. ఇంట్లోవాళ్లు వదిలేసుకున్నప్పుడు ఎవరూ రాలేదు. ఇప్పుడు అందరూ నాకు నీతులు చెబుతున్నారు.

తోకలేని పిట్ట:
అందరూ వదిలేసుకోరండీ. మా తాతయ్య ఉత్తరాలను బంధువొకరు మాకు చెప్పకుండా స్టాంపుల కోసం అమ్మేశారు. మా చేతికి చేరినవి రెండే, 1943లోది ఒకటి, 1945లోది ఒకటి. ఆ మధ్యలో ఆయన ఎక్కడున్నారో చెప్పేవాళ్లు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. మిగతావి ఎవరి ఆల్బంలోనో మంచి ముద్రలుగా ఉండి ఉంటాయి. పెన్సిల్ మాట ఇక వదిలేస్తున్నాను, మీరే గెలిచారు. ఒక్కటి చెప్పండి. లోపల ఉత్తరాలున్నాయా?

ముద్రల వేట:
ఉన్నాయి. ఒక్కటీ చదవలేదు. ఇంకొకరి భార్యకు రాసిన మాటలు చదివే హక్కు నాకు లేదు. కవరు తపాలాది, లోపలిది ఆ ఇంటిది.

తోకలేని పిట్ట:
మరి ఆ ఇంటివాళ్లను వెతికారా? చిరునామా కవరు మీదే ఉంది కదా.

ముద్రల వేట:
లేదు. దొరికితే తిరిగి ఇమ్మంటారు. ఇవ్వనని వాళ్ల ముఖం మీద చెప్పలేను. ఇలాంటి ముద్రల కోసం పదేళ్లు ఎదురుచూశాను.

కార్డు ముక్క:
ముందు 43 కవర్లూ రెండువైపులా స్కాన్ చేసి పెట్టండి.

ముద్రల వేట:
ఈ రాత్రే మొదలుపెడతాను. మార్పిడి సంగతి ప్రస్తుతానికి ఆపుతున్నాను.