ఈతకూ వ్యాయామానికీ సాదా హార్ట్ రేట్ మానిటర్ ఏది మేలు?

నీలికొలను: గుండె వేగం పెద్ద అంకెల్లో కనిపించాలి, నీళ్లలోనూ పనిచేయాలి. పాటలు, సందేశాలు, నిద్ర లెక్కలు నాకు అక్కర్లేదు. ఫోను వెంట ఉండదు. బ్యాటరీ నేనే మార్చుకోగలిగితే ఇంకా మంచిది. ఛాతీ పట్టీయా, చేతి గడియారమా?

వేకువపరుగు: ఛాతీ పట్టీ. ఇంకో ఆలోచనే వద్దు. పరుగు మొదలుపెట్టగానే నా గడియారం 170 చూపించేది. ఆగి మెడ దగ్గర నాడి పట్టుకుంటే 135 దాటేది కాదు. అది గుండెను వదిలేసి నా అడుగుల లయను లెక్కపెడుతోంది! బరువులెత్తేటప్పుడు మణికట్టు వంగితే ఇంకా అన్యాయం.

గజఈత: పరుగు సంగతి ఎవరడిగారు? ఈతలో గోడను తన్ని ముందుకు దూసుకెళ్లిన ప్రతిసారీ పట్టీ పొట్ట మీదికి జారుతుంది. ఆడవాళ్లకైతే ఈత దుస్తుల కింద అణిగి ఉంటుంది. మా మగవాళ్లకు ఆ ఆధారమూ లేదు.

తరంగి: రేడియో పరికరాల పనిలోనే నా తల నెరిసింది, కాబట్టి చెబుతున్నాను. పట్టీ లెక్కను గడియారానికి పంపే బ్లూటూత్, యాంట్ ప్లస్ పద్ధతులు రెండూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలే. నీళ్లు వాటిని మింగేస్తాయి, కొన్ని సెంటీమీటర్లు కూడా సరిగా దాటనివ్వవు. పాతకాలపు 5 కిలోహెర్ట్జ్ సంకేతం మాత్రం నీళ్లలోనూ ఛాతీ నుంచి మణికట్టుకు చేరుతుంది. పోలార్ హెచ్10 పట్టీ ఈ సంకేతం కూడా పంపుతుంది. అయితే దాన్ని అందుకోగల గడియారమే కొనాలి.

అలలమీద: నా పట్టీ బ్లూటూతే. ఈత ముగిశాక మొదటి నుంచి చివరి దాకా రేఖాచిత్రం వస్తోంది. నీళ్లలో పనిచేయదని ఎలా అంటారు?

తరంగి: పట్టీ ఆ లెక్కలను తనలో దాచుకుని, మీరు గట్టెక్కాక పంపుతోంది. ఈదుతుండగా పట్టీ లెక్క మీ గడియారంలో కనిపించిందా?

అలలమీద: కనిపించకపోతే ఏం? ఈదుతూ చేయి ఎత్తి ఎవరు చూస్తారు?

తరంగి: అడిగినవారికి అంకె కనిపించాలట. ప్రశ్న చదివి జవాబివ్వండి.

అలలమీద: మీకు తెలిసింది ఎక్కువే కావచ్చు. రోజూ వాడేవాళ్లను చదువురానివాళ్లలా కసరకండి.

గజఈత: నేను ఇప్పుడు పోలార్ వెరిటీ సెన్స్ అనే చిన్న సెన్సర్‌ను గాగుల్స్ పట్టీకి తగిలించి కణతకు ఆనేలా పెట్టుకుంటున్నాను. జారదు. వ్యాయామానికి దాన్నే పై చేతికి కట్టుకోవచ్చు. దానికి తెర లేదు, బ్యాటరీ ఛార్జ్ చేసుకోవాలి. అయినా నా ఓటు దీనికే.

నీలికొలను: బ్యాటరీ మార్చుకునే రకాల గురించి ఎవరైనా చెబుతారా?

వేకువపరుగు: హెచ్10లో సీఆర్2025 నాణెం బ్యాటరీ ఉంటుంది. మూత తీసి మీరే మార్చుకోవచ్చు. మూత చుట్టూ ఉన్న రబ్బరు వలయం మెలిపడకుండా చూసుకోండి, లేకపోతే నీళ్లు దిగుతాయి. ఈత అయ్యాక పట్టీని మంచినీళ్లలో జాడించాలి. క్లోరిన్ దాన్ని తినేస్తుంది.

నాడిపట్టు: ఇన్ని యంత్రాలెందుకు? గోడ దగ్గర ఆగి, మెడ నాడి పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణించండి. 220 నుంచి వయసు తీసేస్తే వచ్చేది మీ గుండె వేగానికి గరిష్ఠం. దాన్ని దాటకుండా చూసుకుంటే చాలు.

శ్వాస: ఆ 220 సూత్రాన్ని ఇంకా పట్టుకుని వేలాడుతున్నారా? 2001లో టనాకా అనే పరిశోధకుడి బృందం 208 నుంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయమంది. అరవై ఏళ్లవారికి మొదటి లెక్కలో 160, రెండో లెక్కలో 166. రెండూ సగటులే, మనిషి మనిషికీ ఎంతో తేడా ఉంటుంది. పైగా ఈతలో ఒళ్లు అడ్డంగా, చల్లటి నీళ్లలో ఉంటుంది కాబట్టి, పరుగులో వచ్చే గరిష్ఠం కంటే సుమారు పది తగ్గుతుంది.

నాడిపట్టు: మా శిక్షకుడు అందరికీ 220తోనే నేర్పారు. ఎవరికీ ఏమీ కాలేదు.

శ్వాస: మా నాన్నగారు గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకుంటారు. ఎంత ఆయాసపడినా ఆయన గుండె వేగం మీ సూత్రం చెప్పిన అంకె దరిదాపులకు కూడా వెళ్లదు. అంకె తక్కువగా ఉంది కదా అని ఆయనను ఇంకా గట్టిగా ఈదమంటారా? ఇలాంటి మాత్రలు వాడేవారు హద్దు ఎంతో డాక్టరునే అడగాలి.