విండోస్, ఉబుంటు, మాక్ మూడింటిలోనూ పనిచేసే జపనీస్ నిఘంటువు ఏది?

నమస్కారం. హైదరాబాద్‌లోని తార్నాకలో కలిసి జపనీస్ నేర్చుకుంటున్న మాలో కొందరి వద్ద విండోస్, మరికొందరి వద్ద ఉబుంటు, ఒకరి వద్ద మాక్ ఉన్నందున, ఇంటర్నెట్ లేకపోయినా అన్నింటిలో పనిచేసే నిఘంటువు కావాలి.

జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన జపనీస్-ఇంగ్లీష్ నిఘంటువు ఎడిక్ట్ పాత ఫైలును ఉబుంటులో తెరిస్తే అక్షరాలు గజిబిజిగా కనిపించాయి. అది ఈయూసీ-జేపీ అనే పాత జపనీస్ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను ఫైలులో భద్రపరిచే పద్ధతి) ఉన్నందున, ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ అనే ఉపకరణంతో ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8లోకి మార్చగానే సరిపోయింది. విండోస్‌లో గోల్డెన్‌డిక్ట్ అనే నిఘంటువు ప్రోగ్రాముకు, స్టార్‌డిక్ట్ అనే ఫైలు రూపంలో ఉన్న జేఎండిక్ట్‌ను (ఎడిక్ట్ తర్వాత వచ్చిన నిఘంటువు) జతచేశాను. ఇన్‌స్టాల్ చేయడం సులువే, వెతకడమే కష్టంగా ఉంది: పాఠంలో ఉన్న 'తబెమషిత'ను (తిన్నాను) అలాగే కాపీ చేసి వెతికితే దాని మూల క్రియ 'తబెరు' (తినడం) దొరకడం లేదు.

క్రియారూపాలను మూల క్రియకు చేర్చే సదుపాయాన్ని గోల్డెన్‌డిక్ట్‌కు ఎలా జోడించాలి? మూడు వ్యవస్థలకూ లభించే తగైని జిషో అనే జపనీస్ నిఘంటువు ప్రోగ్రాములో అది ఉందో లేదో వాడినవారు దయచేసి తెలుపగలరు.